కౌంటరు వెనక నిలబడ్డ మనవాళ్ల కోసం: అమెరికా తెలుగు సంఘాల అధ్యక్షులకు బహిరంగ లేఖ

తానా, ఆటా, నాటా, నాట్స్ అధ్యక్షులకు, మిగతా తెలుగు సంఘాల పెద్దలకు,



నేను కాకతీయ యూనివర్సిటీలో బీఫార్మసీ చదివి, హైదరాబాద్‌లో కొన్నేళ్లు పనిచేసి, 1998లో షికాగో వచ్చినవాణ్ని. పరీక్షలు రాసి, ఇంటర్న్‌గా గంటలు పూర్తిచేసి లైసెన్సు తెచ్చుకున్నాక పాతికేళ్లు మందుల షాపు కౌంటరు వెనకే గడిచాయి. పోయినేడాది రిటైరయ్యాను. మీ మహాసభల్లో భోజనాల దగ్గర వడ్డించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు ఒకటి అడుగుతున్నాను.

ఈ దేశంలో మనవాళ్లకు కష్టమొస్తే మీరు ఎలా కదులుతారో నాకు తెలుసు. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడు రోడ్డు ప్రమాదంలో పోతే ఆ రాత్రే ఫోన్లు మోగుతాయి, చందాలు పోగవుతాయి, మృతదేహం ఊరు చేరేదాకా ఎవరో ఒకరు కాగితాల కోసం తిరుగుతూనే ఉంటారు. అలాంటి ఫోన్ నంబరు ఇంకొకటి కావాలి. ఫార్మసిస్టుగానో, టెక్నీషియన్‌గానో, బిల్లింగ్ ఆఫీసులోనో పనిచేసే మనమ్మాయో మనబ్బాయో, తను రోజూ కొట్టే క్లెయిముల్లో ప్రభుత్వానికి తప్పుడు లెక్క వెళ్తోందని గుర్తుపడితే, భయపడకుండా మొదటి మాట చెప్పుకోగల నంబరు అది. నేను వెతికినంతలో మన ఏ సంఘంలోనూ కనబడలేదు. నాకు అవసరమైన రోజున కూడా లేదు.

ఆ రోజు సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

2007, అక్టోబరు. అప్పుడు నేను ఒక చెయిన్ ఫార్మసీలో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చేది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది, డెబ్భై దాటాయి, నల్లజాతి మనిషి. ఆరు రకాల మందులు వాడేది, ఒకటి తప్ప అన్నీ జెనరిక్కులే. మెడికేర్ పార్ట్ డి అనే వృద్ధుల మందుల ఇన్సూరెన్స్ అప్పటికి కొత్త, 2006 జనవరిలోనే మొదలైంది. అందులో డోనట్ హోల్ అని ఒక గొయ్యి ఉండేది. 2007లో మామూలు ప్లానులో మందుల బిల్లు మొత్తం 2,400 డాలర్లు దాటగానే ఇన్సూరెన్స్ చేతులెత్తేసేది. అక్కణ్నుంచి ఐదు వేల చిల్లర దాకా పూర్తి ధర ముసలివాళ్లే కట్టుకోవాలి. ఆవిడ ఆ అక్టోబరులో గోతిలో పడింది. స్క్రీన్ మీద వచ్చిన మొత్తం చెప్పాను. రెండు సీసాలు మాత్రం తీసుకుని, మిగతావి వచ్చే నెల చూద్దాంలే అంది.

మా షాపులోనే నగదు ఇచ్చి కొనేవాళ్లకు ఒక డిస్కౌంటు క్లబ్బు ఉండేది. పేరు రాసి, కొద్దిపాటి ఫీజు కడితే ఎవరైనా చేరొచ్చు. ఇన్సూరెన్స్ పక్కన పెట్టి ఆవిడ జెనరిక్కులన్నీ క్లబ్బు ధరకు కొట్టి చూశాను. ఒక్కో మందు మూడు నెలలకు కలిపి పది డాలర్లు. ఇన్సూరెన్స్‌కు ఒక్క నెలకే దానికి ఎన్నో రెట్లు వెళ్తూ వచ్చింది. ఆ ధరకే అన్నీ ఇచ్చేశాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని రశీదు రెండుసార్లు చదివి, తలెత్తి అడిగింది: "మరి జనవరి నుంచి నా పేరు మీద వాళ్ల దగ్గర ఎంత తీసుకున్నారు బాబూ?"

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ గోతిలో పడింది మందులు ఎక్కువ వాడినందుకు కాదు. మేం ఎక్కువ ధర కొట్టినందుకు. క్లబ్బు ధరే క్లెయిములో కొట్టి ఉంటే ఆ ఏడాది ఆవిడ ఆ అంచుకు వచ్చేదే కాదు.

ఆ వారమే మా మీద ఉన్న సూపర్‌వైజరును అడిగాను. ధరలు పైన ఆఫీసులో పెడతారు, నువ్వు మాత్రలు సరిగ్గా లెక్కపెట్టు చాలు అన్నాడు. ఆ జూలైలో వీసా బులెటిన్ ఒక్కసారిగా తెరుచుకుంటే, దేశంలో వేల మంది మనవాళ్లతో పాటు నేనూ గ్రీన్ కార్డు ఆఖరి దరఖాస్తు పడేసి ఉన్నాను. స్పాన్సరు ఆ కంపెనీయే. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఊళ్లో అమ్మకు నెలనెలా డబ్బు పంపాలి. నోరు మూసుకున్నాను. క్లెయిములు కొడుతూనే ఉన్నాను. మూడేళ్ల తర్వాత కార్డు వచ్చింది, వేరే షాపుకు మారాను, ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సరిగ్గా అదే 2007లో ఒహాయోలో జేమ్స్ గార్బ్ అనే ఫార్మసిస్టు కేమార్ట్ ఫార్మసీలో చేరాడు. ఒకరోజు తన సొంత మందు తెచ్చుకోవడానికి వేరే కంపెనీ షాపుకు వెళ్లాడు. తన పార్ట్ డి ఇన్సూరెన్స్‌కు అక్కడ వేసిన ధర, అదే మందుకు తమ కేమార్ట్ వేసేదానికంటే ఎంతో తక్కువగా ఉంది. ఆశ్చర్యపోయి, తిరిగొచ్చి తమ లెక్కలు చూసుకున్నాడు. నగదు కట్టే వాళ్లకు ఒక ధర, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు అంతకు మించిన ధర. నాకు కనిపించిందే ఆయనకూ కనిపించింది. నేను ఊరుకున్నాను. ఆయన 2008లో కోర్టుకు వెళ్లాడు. 2017 డిసెంబరులో కేమార్ట్ 5.9 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుందన్న వార్త చదివినప్పుడు నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

క్లెయిములో ఈ ధర వేసే గడి గురించి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఫార్మసీ నుంచి వెళ్లే ప్రతి ఎలక్ట్రానిక్ క్లెయిములో 426-డీక్యూ అని ఒక గడి ఉంటుంది. అందులో 'యూజువల్ అండ్ కస్టమరీ' ధర వేయాలి. మేం యూ అండ్ సీ అంటాం. వీధిలోంచి నగదుతో వచ్చిన మామూలు మనిషికి ఆ మందు మీరు ఎంతకు అమ్ముతారు, అదీ ప్రశ్న. చాలా ప్రభుత్వ పథకాల్లో ఆ ధరే పైకప్పు, దాన్ని మించి కట్టరు. 2006 సెప్టెంబరులో వాల్‌మార్ట్ ఫ్లోరిడాలోని టాంపాలో నెల జెనరిక్ మందు నాలుగు డాలర్లకు పెట్టి, దేశమంతా పాకించింది. మిగతా చెయిన్లకు చెమటలు పట్టాయి. జనం జారిపోకుండా వాళ్లూ ధర దించాలి. దించిన ధరను ఆ గడిలో వేస్తే మెడికేర్, మెడికెయిడ్ లాంటి పథకాల నుంచి వచ్చే రాబడి పడిపోతుంది. అందుకని కొన్ని కంపెనీలు ధర తగ్గింపుకు 'క్లబ్బు' అనో 'ప్రైస్ మ్యాచ్' అనో పేరు పెట్టి, అది మామూలు ధర కాదు, సభ్యుల ధర అని వాదించాయి. కేమార్ట్ వాదన కూడా అదే. చేరాలనుకున్న ప్రతివాడూ చేరగలిగిన క్లబ్బు ధర జనసామాన్యపు ధరే అవుతుందని 2016లో ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు తేల్చింది. మా షికాగోలో కూర్చునే కోర్టే అది.

ఇదంతా కోర్టుదాకా వచ్చింది ఒక పాత చట్టం వల్ల. 1863 మార్చి 2న, అంతర్యుద్ధం మధ్యలో, లింకన్ సంతకం చేసిన ఫాల్స్ క్లెయిమ్స్ యాక్ట్. సైన్యానికి సరుకు పంపే కాంట్రాక్టర్లు పనికిరాని మందుగుండు, నడవలేని గుర్రాలు అంటగట్టి బిల్లులు చేసుకుంటుంటే, ప్రతి గోదాములో ప్రభుత్వం కాపలా పెట్టలేదు కనుక, లోపల ఉన్న మనిషికే ప్రభుత్వం తరఫున దావా వేసే హక్కు ఇచ్చారు. దాన్నే క్వి టామ్ అంటారు. 1943లో దాని కోరలు పీకారు. 1986లో సెనేటర్ చక్ గ్రాస్లీ, ప్రతినిధి హోవర్డ్ బెర్మన్ కలిసి మళ్లీ మొలిపించారు. ఇప్పుడు తప్పు రుజువైతే నష్టానికి మూడు రెట్లు, దాని మీద ఒక్కో తప్పుడు క్లెయిముకు జరిమానా. దావా తెచ్చిన ప్రజావేగుకు, అంటే విజిల్‌బ్లోయరుకు, ప్రభుత్వం కలిసొస్తే రాబట్టిన దాంట్లో నూటికి 15 నుంచి 25, కలిసిరాకపోతే 25 నుంచి 30. 2024 ఆర్థిక సంవత్సరంలో ఇలాంటి దావాలు 979 పడ్డాయి. ఆ ఏడాది ఈ చట్టం కింద వసూలైన 290 కోట్ల పైచిలుకు డాలర్లలో 240 కోట్లు ప్రజావేగులు తెచ్చిన కేసుల నుంచే వచ్చాయి.

కౌంటరు వెనక ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ కనబడని మోసాలివి. ఇన్సులిన్ పెన్నుల లెక్క చూడండి. పెట్టెలో ఐదు పెన్నులుంటాయి, ఒక్కోదాంట్లో 300 యూనిట్లు, మొత్తం 1,500. రోజుకు 20 యూనిట్లు పొడుచుకునే మనిషికి, సూది సరిచూడ్డానికి పోయే రెండు యూనిట్లు కలిపినా, ఆ పెట్టె 68 రోజులు వస్తుంది. ప్రభుత్వ పథకం ఒకసారికి నెల మందే ఇస్తానంటే, పెట్టె విప్పి రెండు మూడు పెన్నులివ్వాలి. వాల్‌గ్రీన్స్ కంప్యూటరు పెట్టె విప్పనిచ్చేది కాదు. 68 రోజులని కొడితే క్లెయిము వెనక్కి వస్తుంది. అందుకని 'డేస్ సప్లై' గడిలో 30 వేసి కొట్టేవాళ్లు. క్లెయిము పాసయ్యేది. కంప్యూటరు 30 రోజులకే రీఫిల్ సమయమైందని గుర్తుచేసేది. ఇంకో పెట్టె, ఇంకో బిల్లు. ఫ్రిజ్‌లో వాడని పెన్నులు పేరుకునేవి. ఇది 2006 నుంచి 2017 దాకా సాగిందని ప్రభుత్వం చెప్పింది. తన నడవడిని ఒప్పుకుంటూ 2019 జనవరిలో వాల్‌గ్రీన్స్ కట్టింది 20.92 కోట్ల డాలర్లు. ఆ గడిలో 30 అంకె కొట్టిన వేలల్లో ఎంతమంది మనవాళ్లున్నారో ఆలోచించండి. వాళ్ల జేబులోకి ఒక్క పెన్నీ రాలేదు. క్యూ పెరిగిపోతోంది, డ్రైవ్-త్రూలో హారన్ మోగుతోంది, క్లెయిము పాసవ్వాలి, అంతే. నేనూ అలా కొట్టినవాణ్నే కనుక వాళ్ల వేళ్ల మీద నాకు కోపం లేదు.

ఇంకో రకం, కస్టమరు రాని సంచులది. నింపి, క్లెయిము కొట్టి, విల్-కాల్ అరలో పెట్టిన మందును పది పధ్నాలుగు రోజుల్లో ఎవరూ తీసుకోకపోతే, దాన్ని తిరిగి షెల్ఫులో పెట్టి క్లెయిము రద్దు చేయాలి. రద్దు చేయకపోతే ఎవరి కడుపులోకీ వెళ్లని మందుకు ప్రభుత్వం కట్టినట్టు. 2009 నుంచి 2020 దాకా అలాంటి బిల్లులు వెళ్లాయన్న ఆరోపణ మీద అదే కంపెనీ 2024 సెప్టెంబరులో 10.68 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. సాఫ్ట్‌వేరూ మార్చుకుంది. ఆ కేసు తెచ్చినవాళ్లలో ఒకరు అక్కడే ఫార్మసీ మేనేజరుగా చేసినవారు. వృద్ధుల వసతి గృహాలకు మందులు పంపే ఆమ్నికేర్ మీద కేసు కూడా లోపలి ఫార్మసిస్టు వేసిందే. గడువు తీరిన ప్రిస్క్రిప్షన్‌కు డాక్టరును అడక్కుండా కొత్త నంబరు తగిలించి మందు పంపుతూ పోయారని జ్యూరీ నిర్ధారించింది. 33 లక్షలకు పైగా క్లెయిములు. 2025 జూలైలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు 94.9 కోట్ల డాలర్లు. అక్కడ డబ్బు కంటే నన్ను కలవరపెట్టేది ఇంకోటి. నరాల మందులు, గుండె మందులు ఏళ్ల తరబడి ఏ డాక్టరూ మళ్లీ చూడకుండా ఆ ముసలివాళ్ల నోట్లో పడుతూ వచ్చాయి.

మీరు అనుకోవచ్చు, చట్టం ఇంత గట్టిగా ఉంటే సంఘాలతో పనేమిటి, ధైర్యమున్నవాడు లాయరు దగ్గరికి వెళ్తాడు కదా అని. ధైర్యం ఒక్కటే చాలదు. ఆమ్నికేర్ కేసు వేసింది 2015లో, తీర్పు వచ్చింది 2025లో. గార్బ్‌కు తొమ్మిదేళ్లు పట్టింది. ఇల్లినాయ్‌లో సూపర్‌వాల్యూ అనే చెయిన్ మీద ప్రైస్ మ్యాచ్ కేసు 2011లో మొదలైంది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 జూన్ 1న తొమ్మిది మంది జడ్జీలూ ఒక్క మాటగా చెప్పారు: చట్టం అస్పష్టంగా ఉందని లాయర్లు తర్వాత అల్లే సాకు కాదు, బిల్లు పంపేటప్పుడు కంపెనీ మనసులో నిజంగా ఏం నమ్మిందో అదే చూడాలి. ఎంతో పెద్ద గెలుపు. తీరా 2025 మార్చిలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జ్యూరీ, తెలిసే తప్పుడు క్లెయిములు పంపారు కానీ ప్రభుత్వానికి దానివల్ల నష్టం జరగలేదని తేల్చింది. పధ్నాలుగేళ్ల తర్వాత చేతికి సున్నా. డబ్బు కోసం కేసులు వేస్తారని మన సభల్లో నలుగురు గుసగుసలాడుతుంటే నేను విన్నాను. పధ్నాలుగేళ్లు నోరు కట్టుకుని ఎదురుచూసి సున్నా తెచ్చుకునే పనిని ఎవరూ డబ్బు కోసం చేయరు.

నోరు కట్టుకుని అన్న మాట ఊరికే అనలేదు. ఈ దావా సీలు కింద దాఖలవుతుంది. చట్టం 60 రోజులంటుంది, పొడిగింపుల మీద పొడిగింపులతో అది ఏళ్లకు సాగుతుంది. ఆ కాలమంతా పక్క బెంచీ స్నేహితుడికి కూడా చెప్పకూడదు. మనకు ఏ బాధ కలిగినా మొదట వాట్సాప్ గ్రూపులో రాసే అలవాటు. ఇక్కడ ఆ ఒక్క మెసేజీ కేసునే చంపేయొచ్చు. సంగతి బయటికి పొక్కితే ఇంకొకరు ముందు దాఖలు చేయొచ్చు, మొదట వచ్చినవాడిదే హక్కు. లాయరు లేకుండా సొంతంగా ఈ దావా వేయడానికీ వీల్లేదు. పేషెంట్ల కాగితాలు లాయరుకు చూపించడానికి హిపా గోప్యతా నిబంధనల్లో మినహాయింపు ఉంది, కానీ ఏం తీసుకోవాలి, ఏం ముట్టుకోకూడదు అన్నది లాయరు చెప్పాక చేయాల్సిన పని. ఇవన్నీ మొదటి రోజే తెలియాలి. తెలిసేసరికి ఆలస్యమైతే మంచివాడే దోషిలా మిగులుతాడు.

వీసా మీద ఉన్న మనిషి సంగతి ఇంకా కష్టం. దావా వేయడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఈ చట్టానికి ఎవరైనా మనిషే. ప్రశ్నించినందుకు ఉద్యోగం పీకితే తిరిగి ఇప్పించాలని, పోయిన జీతానికి రెట్టింపు, వడ్డీతో సహా, కట్టాలని కూడా చట్టంలో ఉంది. కానీ ఆ న్యాయం జరిగేది కోర్టు తేల్చాక. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోయిన రోజు నుంచి ఉండేది 60 రోజులు. చదువు ముగించి ఓపీటీ మీద ఉన్న పిల్లలకు మొత్తం కలిపి 90 రోజులు. ఆ గడియారాన్ని ఏ ఫాల్స్ క్లెయిమ్స్ యాక్టూ ఆపదు. కనుక మనవాడికి ఒక లాయరు చాలడు. మోసం కేసుల లాయరూ, ఇమిగ్రేషన్ లాయరూ ఒకే గదిలో కూర్చుని, ఏ నెలలో ఏ అడుగు వేయాలో కలిసి చెప్పాలి. ఒంటరి టెక్నీషియన్ అలాంటి గదిని ఎక్కడ వెతుక్కుంటాడు? మీరు తలుచుకుంటే వారంలో ఏర్పాటవుతుంది. మన లాయర్లు మీ కార్యవర్గాల్లోనే ఉన్నారు.

మనలో ఇలా నిలబడ్డవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివిన దినేశ్ ఠాకూర్ ర్యాన్‌బాక్సీలో పనిచేస్తూ మందుల పరీక్షల లెక్కలు కల్పితమని గుర్తించి, 2005లో బయటికొచ్చి, 2007లో ఈ చట్టం కిందే దావా వేశారు. నాసిరకం మందుకు ప్రభుత్వం చేత డబ్బు కట్టించడమూ తప్పుడు క్లెయిమే కదా. 2013 మేలో కంపెనీ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. ఇండియాలో ప్రజావేగుల రక్షణ చట్టం 2014లో పార్లమెంటు ఆమోదించినా, దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ కోసం ఏళ్లు గడిచిపోయాయి. ఈ గడ్డ మీద ఆ రక్షణ కాగితం మీదే కాక కోర్టులో కూడా ఉంది. హైదరాబాద్‌లో చదువుకున్న ఒక మనిషి దాన్ని వాడి చూపించారు. మన సభా వేదికల మీద ఆయన పేరు వినాలని ఎన్నోసార్లు ఎదురుచూశాను.

ఇక చెప్పడానికి కష్టంగా ఉన్న మాట. ఈ మోసాల్లో పెద్ద చెయిన్లే కాదు, చిన్న సొంత ఫార్మసీలూ ఉన్నాయి. డెట్రాయిట్ చుట్టుపక్కల ఇరవైకి పైగా ఫార్మసీలు నడిపిన భారత సంతతి యజమానికి, ఇవ్వని మందులకు మెడికేర్, మెడికెయిడ్‌లను బిల్లు చేసినందుకు 2013లో 17 ఏళ్ల జైలు పడింది. అలాంటి చిన్న షాపుల్లో మనవాళ్లూ, కొత్తగా వచ్చినవాళ్లూ పనిచేస్తుంటారు. యజమానిని 'అన్నా' అని పిలిచేవాళ్లు. అద్దె ఇల్లు ఆయనే చూపించి ఉంటాడు, గుడిలో పరిచయం చేసి ఉంటాడు. అలాంటి చోట తప్పుడు బిల్లు చూసిన అమ్మాయి నోరు విప్పితే, ఆమెకు ఉద్యోగంతో పాటు ఊరూ పోతుంది. పండగలకు పిలిచేవాళ్లుండరు. అన్నం పెట్టిన చేతినే కరిచిందంటారు. ఆ మాట అనే నోళ్లను మీరు మాత్రమే ఆపగలరు. చందాల పట్టికలో పై వరసలో ఉన్న మనిషి మీద ఫిర్యాదు వచ్చినా, ఫిర్యాదు తెచ్చిన పిల్లను ఒంటరిని చేయబోమని మీరు ముందే, ఎవరి పేరూ లేనప్పుడే, బహిరంగంగా చెప్పాలి. పేరు బయటపడ్డాక చెప్పడం ఎవరి వల్లా కాదు.

తొందర ఎందుకంటే, చట్టం మీదే ఇప్పుడు కత్తి వేలాడుతోంది. 2024 సెప్టెంబరు 30న ఫ్లోరిడాలో జిల్లా జడ్జి క్యాథరిన్ కింబల్ మిజెల్, మామూలు పౌరుడు ప్రభుత్వం తరఫున ఇలా దావా నడపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. అప్పీలు పదకొండో సర్క్యూట్‌కు వెళ్లింది. సుప్రీంకోర్టులో జస్టిస్ థామస్ 2023లోనే ఆ అనుమానం రాసి పెట్టారు. ఆ తీర్పు నిలబడి, దేశమంతా పాకితే, నేను పైన చెప్పిన గార్బ్ కేసు లాంటిది ఇంకోటి పుట్టదు. న్యాయశాఖ ఎంత పెద్దదైనా 426-డీక్యూ గడిలో ఏ అంకె పడుతోందో వాషింగ్టన్ నుంచి చూడలేదు. మీకు కాంగ్రెసు సభ్యులు తెలుసు, సెనేటర్లు తెలుసు. వాళ్లు మన సభలకు వస్తారు, మన పిల్లల నాట్యం చూస్తారు. ఈసారి వచ్చినప్పుడు ఈ ఒక్క చట్టం గురించి అడగండి. ఇది రిపబ్లికన్ల గొడవా కాదు, డెమోక్రాట్ల గొడవా కాదు. 1986లో దాన్ని బతికించిన ఇద్దరిలో ఒకాయన ఆ పార్టీ, ఒకాయన ఈ పార్టీ.

నేను కోరేది పెద్ద నిధి కాదు. సంఘాలన్నీ కలిసి ఒకే నంబరు పెట్టండి, ఏ సంఘం పేరు ముందుండాలన్న చర్చ దీని దగ్గర వద్దు. దాని వెనక రెండు రకాల లాయర్ల జాబితా ఉండాలి, మొదటి సలహాకు ఫీజు ఉండకూడదు. ఫోన్ ఎత్తేవాళ్లు పేరు, కంపెనీ అడగకూడదు. లాయరు దగ్గరికి చేర్చేదాకానే మన పని, అక్కణ్నుంచి మనకేమీ తెలియకపోవడమే మంచిది. రాబోయే మహాసభల్లో ఫార్మసీ వాళ్ల కోసం రెండు గంటలు కేటాయించండి. వచ్చినవాళ్ల చేత పేర్లు రాయించుకోవద్దు. మన అమ్మానాన్నలు ఈ దేశంలో ఐదేళ్లు ఉండి మెడికేర్‌లో చేరుతున్నారు, ఆ ఖజానాలోంచి పోయే డబ్బులో వాళ్ల మందూ ఉంది. వాళ్లకు కూడా ఇంకో గది పెట్టి, నెలనెలా ఇంటికొచ్చే బెనిఫిట్ స్టేట్‌మెంటులో తాము తీసుకోని మందు పేరు కనిపిస్తే ఎవరిని అడగాలో తెలుగులో చెప్పండి.

ఆ బస్సు నడిపిన ఆవిడ 2009 చలికాలం తర్వాత షాపుకు రావడం మానేసింది. నేను ఆవిడకు చెప్పాల్సిన జవాబు అంకెల్లో ఉంది. ఏ నెలలో ఎంత కొట్టామో అప్పట్లో ఒక్క కీ నొక్కితే వచ్చేది, నొక్కలేదు.

నంబరు పెట్టిన రోజున నాకు చెప్పండి. శని, ఆదివారాలు, రాత్రి షిఫ్టులు దిగే వేళ దాకా, మొదటి ఏడాది ఫోన్ నేను ఎత్తుతాను. మొదటి కాల్ చేసేవాళ్లు కాసేపు ఏమీ మాట్లాడరని నాకు తెలుసు. నేను లైన్లోనే ఉంటాను.

మీ
ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు,
షికాగో శివారు